తివాచీలో పాదాలంత కన్నం

జనవరిలో, మంచుకొండల నడుమ నరిన్ నది ఒడ్డు ఊళ్ళో పదింటికి గానీ పనులు మొదలవవు. పొయ్యిలో బొగ్గు రాజుకోవాలి, ఆవులకి గడ్డి వెయ్యాలి, గుమ్మంలో మంచు పారతో ఎత్తిపొయ్యాలి. అవన్నీ అయ్యాక ముసలమ్మలు రెండేసి జతల మేజోళ్ళు తొడుక్కుని, అల్లిక సంచీ చంకన పెట్టుకుని నాటకశాలకి బయల్దేరతారు. నాటకాల మోజు అనుకునేరు. కాళ్ళు కాచుకోవడానికి.

రిహార్సల్ గదిలో ఒక పాత ఉన్ని తివాచీ ఉంది. ఎరుపు మీద నలుపు, పొట్టేలు కొమ్ముల ముగ్గు. దాని మీద నిలబడి ఎవరైనా మాటని నిజంగా అంటే తివాచీ వెచ్చబడుతుంది. దొంగ ఏడుపు ఏడిస్తే చల్లబడుతుంది. ఎందుకని ఎవరూ అడగరు. ఆవు పాలెందుకిస్తుందని అడుగుతామా? నటులు బూట్లు గుమ్మం దగ్గర విడిచి, మేజోళ్ళతోనే దాని మీదికి రావాలి. ముసలమ్మలు అంచు చుట్టూ కూర్చుని కాళ్ళు చాపుకుంటారు. రిహార్సల్ బాగా సాగిన రోజు మధ్యాహ్నం దాకా కదలరు. సాగని రోజు, "దీనికంటే మా వంటిల్లే నయం" అని లేచిపోతారు. ఆ ఊరి నటులు రాజధాని పత్రికలకి భయపడరు గానీ, ఆ ముసలమ్మలు అల్లిక మడిచి సంచీలో పెడుతుంటే మాత్రం గుటకలు మింగుతారు.

ఆ తివాచీ తూర్పు మూల రెండు కన్నాలున్నాయి. పక్కపక్కన, అచ్చం మగవాడి పాదాల ఆకారంలో. ముప్పై అయిదేళ్ళ కిందట సగినాలి అనే సహాయ దర్శకుడు సినిమాలు తీస్తానని రాజధానికి వెళ్ళిన మర్నాడు అవి బయటపడ్డాయి. ఇంటి దొంగని పట్టుకోలేం అంటారు గానీ, ఈ దొంగ తన కాలి కొలత కూడా వదిలిపెట్టి వెళ్ళాడు. అయినా ఎవరూ ఏమీ అనలేదు. సగినాలి ఆ ముక్కల్ని బూట్లలో అడుగున పరుచుకుని ఏడు సినిమాలు తీశాడు. కెమెరా పక్కన నిలబడేవాడు, కాళ్ళు వెచ్చబడగానే "ఇదే" అనేవాడు. అప్పటిదాకా ఇరవై టేకులైనా, ముప్పై అయినా ఆ మాట అనేవాడు కాదు. పత్రికలవాళ్ళు అతని కన్ను ఎంత గొప్పదో రాశారు. ఊళ్ళోవాళ్ళు అది చదివి, మన తివాచీకి మంచి పేరే వచ్చిందని నవ్వుకున్నారు.

ఆ సగినాలి అరవై ఒకటో ఏట తిరిగొచ్చాడు, సొంత ఊళ్ళో ఒక నాటకం వేస్తానని. అందరూ సంబరపడ్డారు. లోపలి సంగతి అతనొక్కడికే తెలుసు. షుగరు జబ్బు వచ్చి రెండేళ్ళుగా అతని పాదాల్లో స్పర్శ లేదు. మేకు గుచ్చుకున్నా తెలీదు. చివరి సినిమా ఆ కాళ్ళతోనే తీశాడు, ప్రతి టేకూ ఊహించుకుని "ఇదే" అంటూ. రెండో వారానికి హాళ్ళు ఖాళీ. ఏ నటన నిజమో, ఏది దొంగో ఇప్పుడు అతనికి తెలియడం లేదు. కాళ్ళు చెప్పకుండా తనకి అసలెప్పుడైనా తెలిసిందా అని కూడా అనుమానం పట్టుకుంది. అంత పెద్ద తివాచీ మీద నిలబడితే కాస్తయినా తగులుతుందేమోనని ఆశపడి వచ్చాడు. తగల్లేదు. ప్రదర్శనకి ఇంకా పది రోజులుంది. ఇది కూడా పోతే ఇంక తను దర్శకుడు కాడు, కాళ్ళు మొద్దుబారిన ముసలాడు, అంతే.

నాటకంలో ఒక తల్లి ఉంటుంది. యుద్ధంలో పోయాడనుకున్న కొడుకు పన్నెండేళ్ళకి మంచులో నడిచొచ్చి తలుపు కొడతాడు. తల్లి నమ్మదు. ఎన్నిసార్లు మోసపోయిందో, తలుపు తియ్యదు. ఆ తల్లి వేషం బుర్మాకాన్‌ది.

బుర్మాకాన్, సగినాలి ఒకే ఏడు ఆ నాటకశాలలో చేరారు. వయసులో ఉన్నప్పుడు ఆమె నోరు విప్పితే ముసలమ్మలు వేడికి కాళ్ళు వెనక్కి లాక్కునేవాళ్ళు. ఊరు విడిచిన మూడేళ్ళకి సగినాలి తన మొదటి సినిమాకి ఆమెని రాజధానికి పిలిపించి స్క్రీన్ టెస్ట్ చేశాడు. నాలుగో రోజుకి తిరిగొచ్చేసింది. "కెమెరా ముందు నా మాట చల్లగా ఉందట. సగినాలి కాళ్ళకి ఏమీ తగల్లేదట" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. అప్పట్నుంచీ ఆమె ఏది వేసినా తివాచీ గోరువెచ్చన దాటలేదు. పొరుగింటావిడ, మంత్రసాని, వియ్యపురాలు, ఇలాంటివి అడిగి మరీ వేసుకునేది. ఈ తల్లి వేషం సగినాలే పట్టుబట్టి ఇచ్చాడు. ఎందుకిచ్చాడో చెప్పలేదు.

ఆ రోజు తలుపుకి ఇవతల నిలబడి బుర్మాకాన్ తన మాట అంది.

"వచ్చానని చెప్పకు. చలేస్తోందని చెప్పు. తలుపు తీస్తాను."

సగినాలి కళ్ళు మూసుకుని తలూపాడు. "ఆ, వెచ్చబడింది. బాగుంది. తర్వాతది కానివ్వండి."

అంచున కూర్చున్న కల్‌బూబూ అవ్వ అల్లిక ఆపింది. ఆమెకి ఎనభై నాలుగేళ్ళు. "ఎవరికి నాయనా వెచ్చబడింది? నా వేళ్ళు ఇక్కడ కొయ్యబారిపోయాయి."

"అంచున కూర్చున్నావు కదవ్వా. మధ్యలో తెలుస్తుంది."

"యాభై ఏళ్ళుగా అంచునే కూర్చుంటున్నా. మధ్యలో ఒక మాట, అంచున ఒక మాట చెప్పడం దీనికి రాదు. నీ సినిమావాళ్ళకి వచ్చేమో."

నటులు నవ్వు దాచుకోవడానికి మొహాలు తిప్పుకున్నారు. కొడుకు వేషం వేసే తిలెక్ అందరికీ టీ పొయ్యడానికి కెటిల్ పట్టుకొచ్చాడు. అతనికి తలుపు ఎలా కొట్టాలో సగినాలి చూపిస్తున్నాడు. తిలెక్ కాలు తివాచీ అంచుకి తట్టుకుంది, కెటిల్ ఒరిగి వేడి టీ సగినాలి ఎడమ పాదం మీద ఒలికింది.

"పిడికిలితో కాదు, అరచేత్తో కొట్టాలి. చలికి వేళ్ళు ముడుచుకోవు వాడికి" అంటూనే ఉన్నాడు సగినాలి.

మేజోడు మీంచి ఆవిరి లేస్తోంది. గదిలో అందరూ దానికేసే చూస్తున్నారు. అతను ఒక్కొక్కరి మొహమే చూసి, చివరికి కిందికి చూశాడు. ఇంకేముంది, తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"కూర్చో" అంది బుర్మాకాన్. అతని మేజోడు విప్పింది. పాదం ఎర్రగా కమిలింది. చన్నీళ్ళు తెప్పించి తడిగుడ్డ చుట్టింది. తర్వాత కల్‌బూబూ అవ్వ చేతిలోంచి అల్లిక సూది తీసుకుని అతని మడమ మీద నొక్కింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"నా దగ్గర నాటకాలాడకు. ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళు."

"మరి ఇన్నాళ్ళూ వెచ్చబడింది, చల్లబడింది అంటూ మమ్మల్ని ఆడించావు?"

"కొన్నిసార్లు అవ్వల కాళ్ళు చూసి చెప్పాను. కొన్నిసార్లు ఊహించి చెప్పాను."

"అందుకా నా కాళ్ళకేసి అలా చూస్తూ కూర్చున్నావు?" అంది కల్‌బూబూ అవ్వ. "ఈ వయసులో నాకిదేం ఖర్మ అనుకున్నా."

బుర్మాకాన్ సైగ చేస్తే తిలెక్, మిగతా నటులు బయటికి వెళ్ళారు. ముసలమ్మలు మాత్రం కదల్లేదు. వాళ్ళని కదల్చడం ఎవరి తరం?

"నేను వెళ్ళిపోతాను" అన్నాడు సగినాలి. "నాటకం నువ్వే నడిపించు. నాకు ఎప్పుడూ ఏమీ తెలిసేది కాదేమో బుర్మాకాన్. దొంగిలించిన ఉన్ని ముక్క దర్శకత్వం చేసింది, దండలు నేను వేయించుకున్నాను."

"పోతే పో. పోయేముందు ఒకటి చెప్పు. గోరువెచ్చటి మనిషినని తెలిసీ ఈ వేషం నాకెందుకిచ్చావు?"

సగినాలి లేచి నిలబడ్డాడు. ఒక కాలికి మేజోడు, ఒక కాలికి తడిగుడ్డ.

"ఆ స్క్రీన్ టెస్ట్ రోజు నా కాళ్ళు కాలిపోయాయి" అన్నాడు. "పొయ్యి మీద నిలబడ్డట్టే ఉంది. మర్నాటికి బొబ్బలెక్కాయి."

"చల్లగా ఉందన్నావు."

"అన్నాను. నిన్ను పెట్టుకుంటే అది నీ సినిమా అవుతుంది. నా పేరు ఎవరూ తలవరని భయపడ్డాను. అసూయ అనుకో. అనుకోవడమేంటి, అసూయే. బొబ్బలు మానితే మర్చిపోతాననుకున్నాను. మానాయి గానీ మర్చిపోలేదు."

ఆ మాట నిజంగా చెప్పాడో, క్షమాపణ దొరుకుతుందని చెప్పాడో సగినాలికే తెలియలేదు. తివాచీకి తెలుస్తుంది. కానీ దాని కబురు అతనికి అందదు.

"వెచ్చబడిందా?" అని అడిగాడు.

బుర్మాకాన్ కిందికి చూసింది. అతనికేసి చూసింది.

"లేదు. చల్లగానే ఉంది."

సంతలో ధర చెప్పినంత మామూలుగా అంది. ముసలమ్మలు ఒక్కరూ నోరు మెదపలేదు. ఇంత చెప్పీ అబద్ధమే అయిందా అనుకున్నాడు సగినాలి. వంగి తడి మేజోడు అందుకోబోతూ, ఎందుకో మళ్ళీ ఆమె మొహంలోకి చూశాడు. ముప్పై అయిదేళ్ళు ఎన్నో మొహాల ఎదుట నిలబడ్డాడు గానీ, ధ్యాసంతా బూట్లలోనే ఉండేది. ఇప్పుడు కింద ఏమీ లేదు. చూడటానికి ఆ మొహమొక్కటే ఉంది.

"అబద్ధం" అన్నాడు.

"ఏంటి?"

"నువ్వన్నది అబద్ధం. 'లేదు' అనేముందు ఊపిరి బిగపట్టావు. చల్లగా ఉంటే ఊపిరి ఎందుకు బిగపడతావు, ఊరికే అనేస్తావు. గడ్డం కూడా ఎత్తావు, వెనక వరసకి వినపడాలన్నట్టు."

"బతికించావు నాయనా" అంది కల్‌బూబూ అవ్వ, కాళ్ళు ముడుచుకుంటూ. "ఇందాక నువ్వు చెబుతుంటే రొట్టె కాల్చుకోవచ్చన్నట్టు ఉంది. ఈ మహాతల్లి ఒక్క ముక్క అని మంచుగడ్డ చేసి పారేసింది."

బుర్మాకాన్ నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, "ముప్పై రెండేళ్ళు నన్ను చలిలో ఉంచావు" అంది. "నిన్ను ఒక్క నిమిషం ఉంచాను. ఎక్కువేం కాదు."

"కాదు."

"క్షమించాననుకోకు."

"అనుకోను."

"నాటకం అయ్యాక ఆలోచిస్తాను."

సగినాలి గుమ్మం దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళి, తన బూట్లలోంచి రెండు ఉన్ని ముక్కలు పీకి తెచ్చి కల్‌బూబూ అవ్వ చేతిలో పెట్టాడు. అరిగి, నల్లబడి, అట్టల్లా ఉన్నాయి. అవ్వ వాటిని వాసన చూసి మొహం చిట్లించి, తూర్పు మూలకి జరిగి కన్నాల్లో పెట్టి చూసింది. సరిగ్గా కూర్చున్నాయి. సూదిలో దారం ఎక్కించుకుంది.

"తిలెక్‌ని పిలవండి" అన్నాడు సగినాలి. "తలుపు దగ్గర్నుంచి."

తిలెక్ అరచేత్తో తలుపు కొట్టాడు. బుర్మాకాన్ ఇవతల నిలబడి ఉంది. చాలాసేపు ఏమీ అనలేదు. మాట మర్చిపోయిందేమోనని నటులు ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు అంది, ఊపిరి బిగపట్టకుండా, గడ్డం ఎత్తకుండా.

"వచ్చానని చెప్పకు. చలేస్తోందని చెప్పు. తలుపు తీస్తాను."

సగినాలి తన కాళ్ళకేసి చూడలేదు. ముసలమ్మలకేసి కూడా చూడలేదు.

"ఇదే" అన్నాడు.

అతను ఆ మాట అనేశాకే, కల్‌బూబూ అవ్వ కుడుతున్న సూది తివాచీకి గుచ్చి పెట్టి, పైజత మేజోళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టింది.