చూసినవాళ్ళే రాయాలి

"ఇవాళ ప్రార్థన కూడిక మనింట్లోనే, గుర్తుందిగా? నాలుగున్నరకల్లా వచ్చెయ్. పాస్టరుగారి ముందు పరువు తీయకు" అన్నాడు ప్రేమదాసు, కేరేజీ అందుకుంటూ. ఆ కేరేజీ కట్టింది భార్య జయకుమారి. కూడికకు గారెల పప్పు నానబోసిందీ జయకుమారే. పరువు మాత్రం ఆయనది.

జయకుమారి ప్రత్తిపాడు నుంచి రోజూ బస్సెక్కి వెళ్ళి గుంటూరు కాలేజీలో బోటనీ చెబుతుంది. తెలుగులో చదువుకున్న పిల్లలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మాటలకు బెదిరిపోకూడదని రెండు జిల్లాల లెక్చరర్లు కలిసి ఒక పదకోశం కడుతున్నారు. ఫోన్లో తెరిచి ఎవరైనా రాయొచ్చు. వాళ్ళలో పెద్దాయన సురేంద్రగారు పెట్టిన నియమం ఒక్కటే: పుస్తకం చూసి ఎక్కించకూడదు, మైక్రోస్కోపు తెర ముందు కూర్చుని చూసినవాళ్ళే అర్థం రాయాలి.

మంచి నియమమే, ఎవరు కాదంటారు? కానీ ఆకు కోసి, ఆరబెట్టి, దానికి సన్నగా బంగారు పూత వేయడం జయకుమారి వంతు. మిషన్లోంచి గాలంతా తోడేసి బొమ్మ వచ్చేసరికి ఆమె బస్సు వేళవుతుంది. "మీరు బయల్దేరండమ్మా, ఇంటి దగ్గర పనులుంటాయి. మేం చూసుకుంటాం" అంటారు సురేంద్రగారు, ఎంతో దయగా. వాళ్ళు చూశారు, వాళ్ళే రాశారు. అంత పదకోశంలో ఆమె రాసిన అర్థం ఒక్కటీ లేదు. ఇంట్లో ఆ మాటంటే "రాస్తే జీతం పెంచుతారా?" అని నవ్వాడు ప్రేమదాసు. తనూ నవ్వింది. ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పదకోశం కోసం మైక్రోస్కోపులో చూడటాలు ఇవాళ్టితో ఆఖరు. మిరపాకు ముక్క మిషన్లో పెట్టి, అలవాటుగా సంచీ తగిలించుకుని గుమ్మందాకా వెళ్ళింది. వెళ్ళి, వెనక్కొచ్చింది.

"సార్, ఇవాళ నేను కూర్చుంటాను."

సురేంద్రగారు తెల్లబోయి, "అయ్యో, కూర్చోండమ్మా" అంటూ లేచారు. అడిగితే ఇచ్చే కుర్చీయేనన్నమాట!

ఫోకస్ మీట తిప్పింది. బూడిదరంగు మసక విడిపోయి, ఆకు అడుగుభాగం మిట్టపల్లాలతో పరుచుకుంది. పత్రరంధ్రాలు! బోర్డు మీద రెండు చిక్కుడు గింజలు ఎదురెదురుగా గీసి ఇన్నేళ్ళు పాఠం చెప్పింది. అవే ఇక్కడ పెదవులు విప్పి, అంచు అంచునా మడతలతో, ఊపిరి మధ్యలో ఆగినట్టున్నాయి. దేవా, చేలో తను రోజూ దాటిపోయే ఆకు కిందే ఇంత సృష్టి ఉందా! తనకేసి పొడుచుకొచ్చిన ఆకు నూగు కొసా, ఎక్కడో లోతున్న రంధ్రపు అంచూ ఒక్కసారే స్పష్టంగా కనబడుతున్నాయి. ఆ గుణానికున్న మాట 'డెప్త్ ఆఫ్ ఫీల్డ్' పక్కన పదకోశంలో ఇంకా ఖాళీయే. "దగ్గరిదాన్ని చూడటానికి దూరపుదాన్ని వదులుకోనక్కర్లేని చూపు" అని రాసింది.

ఫోను మోగింది.

"ఎక్కడున్నావ్ జయా? పాస్టరుగారు వచ్చేశారు. టీ ఎవరు పెడతారు?"

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయండీ" అంది జయకుమారి, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "నేనిప్పుడే చూడటం మొదలుపెట్టాను."