ఒరుగుడు ఆపడానికి పుట్టాను

నేను ఒక ఉక్కు కడ్డీని. కడ్డీయే కదా అని చిన్నచూపు చూడకండి! కారు వెనక, అడుగున అడ్డంగా పడుకుని ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపి పట్టుకునేదాన్ని. మలుపులో బండి ఒక పక్కకు ఒరిగితే మెలి తిరిగి దాన్ని నిలబెడతాను. యాంటీ రోల్ బార్ అంటారు నన్ను. పెరిగింది ఒక పందెం కారు కింద. అది మూలనపడి నేను పాత సామాన్ల కొట్టు చేరితే, అరకు ఘాట్‌లో టాక్సీ నడిపే గురునాయుడు నన్ను చూసి ముచ్చటపడ్డాడు.

అతని బాధ అతనిది. అతని కారును లాగేవీ ముందు చక్రాలే, తిప్పేవీ అవే. రెండు పనులూ నెత్తిన పడితే ఎవరికైనా ఓపిక చాలదు కదా! వేగంగా మలుపు తిరిగితే అవి పట్టు తప్పి, కారు మూతి లోయ వైపు పోయేది. ఒకరోజు అలాగే పోయింది. పక్క సీట్లో ఉన్న భార్య నూకరత్నం కెవ్వుమంది.

"ఏటయ్యా, కారు నీ మాట ఇంటాదా, లోయ మాట ఇంటాదా? ఇంకోపాలి ఎక్కితే ఒట్టు!" అని దిగిపోయి బస్సెక్కింది. ఆ ఖాళీ సీటు చూస్తే గురునాయుడికి అన్నం సయించేది కాదు.

లావుగా ఉన్నాను కాబట్టి గట్టి మేలు చేస్తాననుకున్నాడు. నన్ను బిగించి, పసుపు రాసి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించాడు. ఒరుగుడు భారం నేను వెనక మోస్తుంటే ముందు చక్రాలు ఊపిరి పీల్చుకున్నాయి. మూతి చెప్పినట్టు తిరిగింది. మబ్బులు కిటికీలను రాసుకుంటూ పోయేవి, కాఫీ పూల వాసన నా దాకా దిగేది. మెలి పడుతూ, విప్పుకుంటూ, కలలో ఉన్నట్టు జోగేదాన్ని. ఆహా, ఏం రోజులవి!

బతిమాలగా బతిమాలగా నూకరత్నం మళ్లీ ఎక్కింది. ఆ రోజు జల్లు పడుతోంది. మలుపు మధ్యలో ఆమె ఉలిక్కిపడేసరికి అతను యాక్సిలరేటర్ మీంచి కాలు ఠక్కున తీసేశాడు. బరువు ముందుకు తూగి తేలికపడ్డ వెనక చక్రాలను తడి రోడ్డు మీద నా బిగువు నిలవనివ్వలేదు. తోక గిర్రున తిరిగి, కారు వచ్చిన దారికేసి మొహం పెట్టి ఆగింది.

"నీ కోసమే బిగించానే, రత్నం," అన్నాడు.

"నా కోసరం కడ్డీ మార్చావు గానీ, ఒక్కపాలైనా నెమ్మదిగా నడిపేవా?"

మర్నాడే అతను నన్ను ఊడదీసి, సన్నటి కడ్డీ వేయించాడు.

ఇప్పుడు నేను నూకరత్నం టీకొట్టు ముందు గంటగా వేలాడుతున్నాను. సాయంత్రం గరిటెతో నన్ను గణగణ మోగించి, కొట్టు కట్టేసి, అతని పక్కన కూర్చుంటుంది. కారు మంచులోకి మెల్లగా సాగుతుంది. ఎడమ మలుపులో కొద్దిగా ఒరుగుతుంది. ఒరిగినప్పుడు ఆమె అతని భుజానికి ఆనుతుంది.

ఆ ఒరుగుడు ఆపడానికే కదా నేను పుట్టింది!