దెబోరక్క

ఎనభై మూడులో, ఎండలు ముదిరాక, భీమక్కను కాన్పుకని ఎడ్లబండి మీద దుమ్ముగూడెం దవాఖానాకు తీసుకొచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరు వచ్చేదాకా నర్సు దెబోరా ఆమె చెయ్యి వదల్లేదు. తల్లీబిడ్డా ఇద్దరూ దక్కారు.

గూడేనికి తిరిగొచ్చాక భీమక్క తేల్చి చెప్పింది. "నా బిడ్డకు ఆ సిస్టర్ పేరే పెడత."

మామ జంపయ్య మంచంలోంచి తల తిప్పాడు. తేనె తీయడంలో పేరున్న మనిషి. ఆ ఏడు తేనెటీగలు ముసురుకోవడంతో చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"గా పేరుకు అర్థమేంది?"

"తెల్వదు మామా. అడిగొస్త."

బిడ్డకు సూదులేయించడానికి పోయినప్పుడు అడిగింది. మధిర దిక్కు మనిషి ఆ నర్సు, నవ్వింది.

"మా నాన్న చెప్పేవాడు. హీబ్రూ అని యూదుల పాత భాష. అందులో దెబోరా అంటే తేనెటీగ. బైబిల్లో ఆ పేరుగల ఆవిడ ఖర్జూరపు చెట్టు కింద కూర్చుని జనం తగాదాలు తీర్చేది. ఆమె యుద్ధానికి పొమ్మంటే సేనాపతి, నువ్వొస్తేనే పోతానన్నాడు. వెళ్లింది."

తేనెటీగ మాట దాచి, తగాదాలు తీర్చిన ఆమె పేరని చెబితే మామ ఒప్పుకుంటాడని దారిలో భీమక్కకు తోచింది. బిడ్డ పేరు దగ్గర దాపరికం ఎందుకని, ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది.

జంపయ్య మొహం మాడ్చుకున్నాడు. "నన్ను మంచాన పడేసినదాని పేరు నా మనుమరాలికా?"

భర్త పోతయ్య తండ్రి మొహమే చూస్తున్నాడు. భీమక్క తగ్గలేదు.

"నువ్వు పొగబెట్టుకుంట మీదికి పోయినవ్ మామా. అవి గూడు ఇడిసి పారిపోలె. నీ అంతోణ్ని కిందికి దించినయ్. నా బిడ్డకు గంత ధైర్యముంటే చాలదా?"

జంపయ్య విరిగిన కాలు వైపు చూసుకున్నాడు. తర్వాత చేతులు చాపాడు. "ఇటు తే."

బిడ్డను గుండెలకు ఆనించుకుని చెవి దగ్గర, "దెబోరక్కా" అన్నాడు. తమ ఆడవాళ్ల పేర్లకుండే 'అక్క'ను ఆయనే తగిలించాడు. ఇక ఇంట్లో వేరే పేరు ఎవరూ ఎత్తలేదు.

కాలు కుదిరాక జంపయ్య చెట్లెక్కడం మానేశాడుగాని అడవికి పోవడం మానలేదు. నడక రాగానే మనుమరాలు ఆయన వెంటే తిరిగింది. బడిలో చేర్చిన రోజు పంతులు పగిడయ్య, "కొత్తగుందే, ఈ పేరు ఎవరు పెట్టిన్రు?" అని అడిగాడు.

తల్లి నోరు తెరిచేలోపే పిల్ల చెప్పింది. "మా తాత పెట్టిండు."

భీమక్క సరిదిద్దలేదు.