ఆటో నంబరు 4127

ఆటో నేరుగా సెమినార్ హాల్లోకి వచ్చేస్తుంది, ఎవరూ తల తిప్పి చూడరు. నడుపుతున్నది ఎస్తేరు. రెండేళ్ల క్రితం డెంగీ జ్వరంతో హాస్టల్లో పోయిన ఎస్తేరు, నూనె రాసి బిగించి అల్లిన అదే జడతో, వెనక్కి తిరక్కుండానే "ఎక్కవే వైదేహీ, ఎంతసేపు నిలబడతావు?" అని కసురుతుంది. వైదేహి ఎక్కగానే కుర్చీల వరసలు ఆసుపత్రి మంచాలవుతాయి, తామిద్దరూ మూడేళ్లు ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకున్న క్షయ రోగులు వాటి మీద లేచి కూర్చుని, "మేం చెప్పిందంతా ఎవరు మింగారమ్మా?" అని అడుగుతారు.

"మా గైడు సాంబమూర్తి సారు," అంటుంది ఎస్తేరు హారన్ కొడుతూ. "నేను పోయి పది రోజులన్నా కాకముందే నా కంప్యూటర్ ప్రోగ్రామంతా తీసి మేనల్లుడి చేతిలో పెట్టాడు. వాడికి డాక్టరేటంట! నువ్వేం చేశావే?"

"నా థీసిస్ మీద కూడా ఆయన సంతకమే పడాలి కదే..."

"పడుద్దిలే. నా సమాధి మీద కూడా ఒకటి పెట్టమను."

వైదేహికి సిగ్గుతో చెవులు కాలిపోతాయి. రెండేళ్లుగా నోరు కుట్టేసుకుని ఆ మనిషికి నమస్కారాలు పెట్టింది, ఆ మేనల్లుడు కిశోర్ స్లైడ్లలో అచ్చుతప్పులు కూడా తనే దిద్దింది, థూ!

"వాళ్లని ఏం చేయమంటావు చెప్పు. చేస్తాను."

"అడుగు. నలుగురిలో నిలబెట్టి అడుగు."

"సాక్ష్యం ఏదే?"

ఎస్తేరు పగలబడి నవ్వుతుంది. "మా నాన్న ఆటో నంబరు మర్చిపోయావా? వాడు చదివి దొంగిలించినోడు కాదులే, ఆ నంబరు కూడా మార్చి ఉండడు, చూడు."

రోగుల లెక్కల కోసం కంప్యూటర్ చేత లాటరీలాగా చీట్లు తీయించాలంటే ముందు దానికొక అంకె ఇవ్వాలి, ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టుకుంటారు. ఎస్తేరు ఏ ప్రోగ్రాం రాసినా వాళ్ల నాన్న ఆటో నంబరుతోనే మొదలుపెట్టేది. వైదేహి నంబరు చూడాలని ముందుకు వంగుతుంది, హారన్ ఆగకుండా మోగుతూనే ఉంటుంది, మోగి మోగి మైకు కీచుమన్న చప్పుడవుతుంది.

వైదేహి ఉలిక్కిపడి లేచింది. తెర కోసం లైట్లు తీసేసిన హాల్లో, చివరి వరసలో, కిశోర్ వైవా నడుస్తుండగానే కునుకు పట్టేసింది. "సభలో ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు," అన్నారు పరీక్షకులు, అలవాటుగా. వైవాలో సభలోంచి ఎవరూ అడగరు. బయట సమోసాలు చల్లారిపోతుంటాయి. సాంబమూర్తి గారు అప్పటికే కుర్చీలోంచి సగం లేచారు.

తెర మీద కిశోర్ ప్రోగ్రాం. మొదటి వరసలోనే ఉంది, 4127.

అడిగితే తన థీసిస్ ఇక సాంబమూర్తి గారి గది దాటదని వైదేహికి తెలుసు. లేచి నిలబడింది.

"ఒక్క ప్రశ్న సార్. ఆ నాలుగువేల నూట ఇరవై ఏడు ఎక్కడిది?"

కిశోర్ తన మామయ్య వైపు చూశాడు.

"తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండి," అంది వైదేహి, సంచిలోంచి ఎస్తేరు పాత నోటుపుస్తకం తీస్తూ. "మీరు చెప్పాక నేను చెబుతాను."