ప్రొఫెసర్‌గారి కథలో మా అమ్మ

మా నిష్ నగరం కాలేజీలో ప్రొఫెసర్లు తమ కథలూ కవితలూ చదివే సాయంత్రం అంటేనే నాకు ఒళ్ళుమంట. ఒకాయన చదువుతాడు, మిగతావాళ్ళు ఆహా ఓహో అంటారు. తర్వాత వాళ్ళ వంతు వస్తుందిగా మరి! కానీ నా థీసిస్ మా గైడు ప్రొఫెసర్ రాదివోయె‌గారి చేతిలో ఉంది. వచ్చేవారమే వైవా. పైగా మా అమ్మ ఊరినుంచి బస్సెక్కి వచ్చేసింది.

"మీ గురువుగారు చదువుతుంటే వినొద్దటే నెవెనా?" అంటూ ముందు వరసలో చోటు పట్టింది.

ఆయన గొంతు సవరించుకుని కథ ఎత్తుకున్నాడు. ఒక పల్లెటూరావిడ కూతురి మార్కుల కోసం ప్రొఫెసర్ ఇంటికి ఐవార్ తెస్తుంది. అదే, ఎర్రమిరపకాయలు కాల్చి చేసే పచ్చడి. ఆవిడ ఒళ్ళంతా పొగ కంపు. గుమ్మంలోనే వంగి ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుంటుంది. ఆవిడ వెళ్ళగానే ఆయన ఆ పచ్చడి కుక్కకి పెడితే, కుక్క కూడా మూతి తిప్పుకుంటుంది. హాలంతా ఘొల్లుమంది.

కిందటేడు ఆ గుమ్మంలో నిలబడింది మా అమ్మే. చెయ్యీ ముట్టుకోలేదు, మార్కులూ అడగలేదు. ఆ ఇంట్లో కుక్కా లేదు, పాడూ లేదు. "అమ్మాయ్, ఇంకో రెండు సీసాలుంటే పంపించమను మీ అమ్మని" అని నాతో అన్న నోరే ఇది. ఛీ!

అమ్మ మాత్రం అందరికంటే గట్టిగా నవ్వుతోంది. తన గురించేనని తెలియదు పాపం అనుకున్నాను. ఆ కాగితాలు లాక్కుని చింపేద్దామని లేచాను.

"కూర్చోవే, వెనకవాళ్ళకి అడ్డం" అని చెయ్యి పట్టి లాగింది అమ్మ.

చదవడం అయ్యాక ఆయన వైన్ గ్లాసుతో మా దగ్గరికే వచ్చాడు.

"ఎలా ఉందమ్మా కథ?"

"బ్రహ్మాండం సార్! ఈ ఏడు మిరప బాగా కాసింది. ఇదిగో, మీకోసమే తెచ్చాను."

సంచీలోంచి అమ్మ తీసిన సీసాని ఆ మనిషి చంకలో పెట్టుకుని పోయాడు. రవ్వంతైనా సిగ్గుపడలేదు.

బస్టాండులో ఇక ఉండబట్టలేక అడిగాను. "ఆ కథలో ఆవిడెవరో తెలిసిందా అమ్మా?"

"తెలీకేం? నేనేగా. నేను నవ్వకపోతే జనం నా మొహం చూస్తారు, తర్వాత నీ మొహం చూస్తారు. ఆయనా చూస్తాడు. వచ్చేవారం నీ వైవా ఏం కాను?"

అని మళ్ళీ నవ్వబోయింది. హాల్లో అంత బాగా వచ్చిన నవ్వు, అక్కడ రాలేదు.