అరబ్బీ అట్ట

ఎబినేజర్ రాసే హత్యల నవలలు పంతొమ్మిది భాషల్లోకి వెళ్లాయి. నస్పూర్‌లో ఆయన పక్కింటివాళ్లు మాత్రం ఒక్కటీ చదవలేదు. అలాంటిది చెన్నూరు దగ్గరి పల్లె నుంచి బాలలక్ష్మి రెండు బస్సులు మారి మరీ వచ్చింది. మొన్న పేపర్లో ఆయన పుస్తకం అరబ్బీ అనువాదపు అట్ట ఫోటో పడింది. గల్ఫ్ నుంచి కొడుకు శవం వచ్చిన పెట్టె మీది కాగితంలోనూ అవే అక్షరాలని ఆమె గుర్తుపట్టింది.

"గిది జర సదువు సారూ. గుండె ఆగి సచ్చిండన్నరు. తల పగిలింది నేను కండ్లార సూసిన. ఎవడు కొట్టిండో గిండ్ల రాసుంటది."

ఎబినేజర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. అరబ్బీ అట్ట మీద తన పేరు ఎక్కడుందో కూడా ఆయనకు తెలియదు.

"నాకు గీ భాష రాదవ్వా. నా పుస్తకం గా భాషల ఇంకెవరో రాసిండ్రు."

"సదువరాకపోతే పాయె. సంపినోన్ని పట్టుకునుడైతే వస్తది గదా?"

"నా కథలల్ల సంపిచ్చేది నేనేనవ్వా. గందుకే దొరుకుతరు."

బాలలక్ష్మి కాగితాన్ని మళ్లీ మడతపెట్టి కొంగున ముడేసుకుంది. లేవలేదు.

"గట్లనా! మరి హంతకుడు దొరికినంక, సచ్చినోని అవ్వ ఏం జేస్తది నీ కథల?"

ఎబినేజర్ ఒక్కో నవలా గుర్తుచేసుకుంటూ పోయాడు. ఇరవై రెండు నవలల్లో ముప్ఫై ఒక్క శవాలు. వాటిలో ఒక్కదానికీ ఆయన తల్లిని రాయలేదు.