నాగశ్రీ పెట్టని సంతకం

చట్నీకి వేరుశనగ గింజలు వేయిస్తున్న నాగశ్రీతో భర్త వాసుదేవ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. "ఒక సంతకమే గదా, పెట్టేసి రా. మన అంగడి మీదికి తెచ్చిపెట్టొద్దు."

అత్త అలివేలమ్మ అందుకుంది. "ఎవురి కోసరమో నీకెందుకమ్మా తగువు?"

కడపలో నాగశ్రీ పనిచేసే ప్రభుత్వ కార్యాలయం మీద ఆరాధన హైకోర్టులో కేసు వేసింది. ఆరేళ్లు కాంట్రాక్టు మీద అక్కడ కంప్యూటర్ మీద కాగితాలు టైపు చేసే పని చేసిన పిల్ల. కడుపుతో ఉందని, ఐదో నెలని ఆఫీసులో తెలిసిన వారానికే తీసేశారు. పని సరిగా చేయలేదని ఆఫీసు ఇప్పుడు కోర్టుకు చెప్పబోతోంది. ఆ సెక్షన్ చూసేది నాగశ్రీ కాబట్టి, అఫిడవిట్ మీద ఆమె సంతకం కావాలి.

ఇంట్లో ఎవరికీ తెలియనిది ఒకటుంది. ఆరాధనను తీసేయమన్న నోటు రాసింది నాగశ్రీయే. ఆఫీసరు సుందరం పక్కన నిలబడి చెబుతుంటే రాసింది. 'ప్రసూతి సెలవు ఇవ్వవలసి వచ్చును గనుక ముందే తొలగించవచ్చును' అన్న చోట కలం ఆగింది. "ఏమ్మా, స్పెల్లింగు రాలేదా?" అని ఆయన నవ్వితే తనూ నవ్వి రాసేసింది. తన కూతురు కడుపున పడ్డప్పుడు తనూ ఏడో నెల దాకా ఆఫీసులో కొంగు కప్పుకునే తిరిగింది. దాచమని ఎవరూ చెప్పలేదు, చెప్పకుండానే తెలిసింది. ఆ నోటు ఇప్పుడు ఫైల్లో లేదు. ఉండేదని నోరు విప్పితే మొదట పోయేది తన ఉద్యోగమే.

ఆఫీసుకు రాగానే సుందరం అఫిడవిట్ ఆమె ముందుకు తోశాడు.

"చదివేదేముండాది, నేను చూసినాలే. అన్నట్టు, మీ వాసుదేవ్ అంగడి లైసెన్సు రెన్యువలు ఈ నెల్లోనే గదా? మనోళ్లే చూస్తాండారు దాన్ని."

నాగశ్రీ అఫిడవిట్ చివరిదాకా చదివింది. కలం తీసుకుంది. మళ్లీ కింద పెట్టింది.

"నాకు శానా భయంగా ఉండాది సార్. అయినా పెట్టను."

ఆయన ఏమన్నాడో చెవికెక్కలేదు. మెట్లు దిగి, చివరి మెట్టు మీద కూర్చుని ఆరాధనకు ఫోన్ చేసింది. అవతల చంటిబిడ్డ ఏడుస్తోంది.

"ఆరాధనా, ఆ నోటు నేనే రాసినా. మీ లాయరుకు చెప్పు. కోర్టులో కూడా నేనే చెప్తా."

"తెలుసక్కా," అంది ఆరాధన. "నీ రాత చూసే గదా నన్ను తీసేసే ఆర్డరు నేనే టైపు చేసింది."